డీఎన్ఎస్ సెర్చ్ డొమైన్: మావాళ్లు ఫోన్ చేసి అడిగే ప్రశ్నలు

నెల్లూరు నుంచి ఒంగోలు దాకా రైస్‌మిల్లులు, రొయ్యల హేచరీలు, గ్రానైట్ ఆఫీసుల్లో చిన్న చిన్న నెట్‌వర్కులు చూసుకోవడం నా పని. పది కంప్యూటర్లు, ఒక ట్యాలీ సర్వర్, రెండు ప్రింటర్లు, ఓ మూలన కెమెరాల డబ్బా. ఎక్కడికెళ్లినా దాదాపు ఇదే సరంజామా. సెర్చ్ డొమైన్ గురించి అడిగిన ప్రశ్నే మళ్లీ మళ్లీ అడుగుతున్నారు కాబట్టి జవాబులు ఒకచోట రాసిపెడుతున్నాను. ఇక్కడ కమాండ్లు, మెషీన్ల పేర్లు తెలుగు అక్షరాల్లో ఉన్నా కంప్యూటర్లో ఇంగ్లిష్‌లోనే కొట్టాలి. ఉదాహరణ కోసం మన నెట్‌వర్క్ పేరు ‘మిల్లు.ఇంటర్నల్’ అనుకుందాం.

సెర్చ్ డొమైన్ అంటే ఏందన్నా, ఒక్క ముక్కలో చెప్పు?

మెషీన్‌కు మీరు పొట్టి పేరు చెబితే కంప్యూటర్ తనంతట తాను తగిలించే ఇంటిపేరు.

మా నెల్లూరు వైపు వీధికో పెంచలయ్య ఉంటాడు. మన వీధిలో నిలబడి ‘పెంచలయ్యను పిలవరా’ అంటే పిల్లవాడు నేరుగా ఆయనింటికే పరిగెత్తుతాడు. అదే ట్రంకు రోడ్డులో నిలబడి అంటే ‘ఏ పెంచలయ్య?’ అంటారు. మెషీన్ పేరు చెబితే దాని ఐపీ నంబరు వెతికిచ్చే డీఎన్ఎస్ అచ్చం ఆ ట్రంకు రోడ్డు లాంటిది. దానికి పూర్తి పేరు కావాలి. మీరు ‘ట్యాలీ’ అని కొడితే కంప్యూటర్ తన సెర్చ్ జాబితా తీసి, అందులో ఉన్న ‘మిల్లు.ఇంటర్నల్’ను వెనకాల అతికించి ‘ట్యాలీ.మిల్లు.ఇంటర్నల్’ ఎక్కడుందని డీఎన్ఎస్ సర్వర్‌ను అడుగుతుంది. జాబితాలో ఇంకో పేరుంటే, మొదటిది దొరకనప్పుడు రెండోది అతికించి మళ్లీ అడుగుతుంది. మనకు ఇంటిపేరు ముందొస్తుంది, డీఎన్ఎస్‌లో వెనకొస్తుంది, అంతే తేడా.

ఇంటర్నెట్ కూడా ఒకప్పుడు చిన్న ఊరే. మెషీన్ల పేర్లన్నీ ‘హోస్ట్స్’ అనే ఒకే జాబితాలో ఉండేవి. అమెరికాలో ఎస్ఆర్ఐ అనే పరిశోధన సంస్థ దాన్ని చూసుకునేది, అందరూ అక్కడి నుంచే కాపీ తెచ్చుకునేవాళ్లు. ఊరు పెరిగి ఆ జాబితా మోయలేని స్థితి వచ్చాక 1983లో పాల్ మొకపెట్రిస్ డీఎన్ఎస్‌ను రూపొందించాడు. పేర్లు పొడవయ్యాయి. పొడుగు పేరు కొట్టే బాధ తప్పించడానికే ఈ సెర్చ్ డొమైన్.

డీఎన్ఎస్ సర్వర్, సెర్చ్ డొమైన్ ఒకటేనా?

కాదు. డీఎన్ఎస్ సర్వర్ అంటే ఎవరిని అడగాలి అనేది. అక్కడ 192.168.1.10 లాంటి నంబరు వస్తుంది. సెర్చ్ డొమైన్ అంటే ఏమని అడగాలి అనేది. అక్కడ పేరు వస్తుంది. సెర్చ్ డొమైన్ గడిలో గూగుల్ డీఎన్ఎస్ సర్వర్ నంబరు 8.8.8.8 కొట్టి ‘పెట్టాను సార్, అయినా రావట్లేదు’ అన్నవాళ్లు నాకు నెలకొకరు తగులుతారు.

ఇంకో మాట. సెర్చ్ డొమైన్ పెట్టినంత మాత్రాన పేరు పుట్టుకురాదు. ‘ట్యాలీ.మిల్లు.ఇంటర్నల్ అంటే 192.168.1.20’ అని మీ డీఎన్ఎస్ సర్వర్‌లో ముందు రాసి ఉండాలి.

మాకు ఏమీ పెట్టకుండానే ‘ట్యాలీ’ అంటే షేర్ ఫోల్డర్ తెరుచుకుంటోంది. మళ్లీ ఇదెందుకు?

అది డీఎన్ఎస్ గొప్ప కాదు. విండోస్ పొట్టి పేరు వినగానే నెట్‌బయోస్, ఎల్ఎల్ఎంఎన్ఆర్ లాంటి పద్ధతుల్లో ‘ఇక్కడ ట్యాలీ ఎవరబ్బా?’ అని నెట్‌వర్క్ మొత్తానికీ వినపడేలా అరుస్తుంది. ట్యాలీ అదే గదిలో ఉంది కాబట్టి ‘నేనే’ అంటుంది.

ఆ అరుపు రౌటర్ దాటదు. చీమకుర్తి క్వారీ దగ్గరొక ఆఫీసు, ఒంగోలులో ఒక ఆఫీసు, మధ్యలో రెంటినీ ఇంటర్నెట్ మీదుగా కలిపే వీపీఎన్ ఉందనుకోండి. ఒంగోలులో కూర్చుని అరిస్తే చీమకుర్తి సర్వర్‌కు వినపడదు. అక్కడ డీఎన్ఎస్ కావాల్సిందే, పొట్టి పేర్లతోనే పని జరగాలంటే సెర్చ్ డొమైన్ కూడా కావాల్సిందే. ఒకటే గది, నాలుగు కంప్యూటర్లు ఉన్న షాపైతే దీని జోలికి వెళ్లొద్దు. హాయిగా ఉన్నారు కదా, అలాగే ఉండండి.

విండోస్‌లో ఎక్కడ పెట్టాలి? సెట్టింగ్స్‌లో ఎంత వెతికినా కనపడలేదు.

కనపడదు. విండోస్ 11 కొత్త సెట్టింగ్స్‌లో డీఎన్ఎస్ సర్వర్ నంబరు మార్చుకోనిస్తారు గానీ సఫిక్స్ గడి ఇవ్వలేదు. (సెర్చ్ డొమైన్‌నే విండోస్ సఫిక్స్ అంటుంది.) పాత దారిలోనే వెళ్లాలి. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి ‘ఎన్‌సీపీఏ.సీపీఎల్’ కొట్టండి. మీ వైఫై లేదా ఈథర్నెట్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌కు వెళ్లండి. ఇంటర్నెట్ ప్రోటోకాల్ వెర్షన్ 4ను రెండుసార్లు క్లిక్ చేసి, అడ్వాన్స్‌డ్ నొక్కి, డీఎన్ఎస్ ట్యాబ్ తెరవండి.

అక్కడ రెండు దారులుంటాయి. ‘అపెండ్ ప్రైమరీ అండ్ కనెక్షన్ స్పెసిఫిక్ డీఎన్ఎస్ సఫిక్సెస్’ అనేది మామూలుగా టిక్ అయి ఉంటుంది. అంటే కంప్యూటర్‌కు ఉన్న సొంత సఫిక్స్, రౌటర్ ఇచ్చిన సఫిక్స్ వాడుకుంటుంది. దాని కింద ‘అపెండ్ దీజ్ డీఎన్ఎస్ సఫిక్సెస్’ ఉంటుంది. దాన్ని ఎంచుకుంటే మీరు చేత్తో రాసిన జాబితానే చూస్తుంది, పైనున్న రెండింటినీ పక్కన పెట్టేస్తుంది. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. ఎప్పుడో ఎవరో వచ్చి రెండోది టిక్ పెట్టి ఒక పాత పేరు రాసి వెళ్లిపోతారు. ఆ తర్వాత మీరు రౌటర్‌లో ఎన్ని మార్చినా ఆ ఒక్క కంప్యూటర్ మాట వినదు.

ఇంకో మెలిక ఉంది. మీరు వైఫై ప్రాపర్టీస్‌లోకి వెళ్లి రాసినా ఆ జాబితా కంప్యూటర్ మొత్తానికీ వర్తిస్తుంది, వైఫైకి మాత్రమే కాదు. ఒక్క కనెక్షన్‌కే కావాలంటే అదే ట్యాబ్‌లో కిందనున్న ‘డీఎన్ఎస్ సఫిక్స్ ఫర్ దిస్ కనెక్షన్’ గడిలో రాయండి.

పని అయిందో లేదో చూడటానికి కమాండ్ ప్రాంప్ట్‌లో ‘ఐపీకాన్ఫిగ్ /ఆల్’ కొట్టండి. పై భాగంలో ‘డీఎన్ఎస్ సఫిక్స్ సెర్చ్ లిస్ట్’ అనే వరుసలో మీ పేరు కనపడాలి. తర్వాత పాత జవాబులు చెరిపేసే ‘ఐపీకాన్ఫిగ్ /ఫ్లష్‌డీఎన్ఎస్’ కొట్టి, ట్యాలీ పలుకుతుందో లేదో చూసే ‘పింగ్ ట్యాలీ’ చేయండి. పింగ్ మొదటి వరుసలోనే పూర్తి పేరు, ‘ట్యాలీ.మిల్లు.ఇంటర్నల్’ అని రావాలి. పొట్టి పేరే వస్తే అది డీఎన్ఎస్ జవాబు కాకపోవచ్చు. పాత అరుపుల పద్ధతిలోనే దొరికి ఉండొచ్చు.

మ్యాక్‌లో?

సుఖం. సిస్టమ్ సెట్టింగ్స్, వైఫై, మీ నెట్‌వర్క్ పక్కన డీటెయిల్స్, అందులో డీఎన్ఎస్. రెండు పెట్టెలు కనిపిస్తాయి. ఒకటి సర్వర్లకు, ఇంకొకటి సెర్చ్ డొమైన్లకు. ప్లస్ నొక్కి రాయడమే. బూడిద రంగులో ఉన్నవి రౌటర్ ఇచ్చినవి. మీరు చేత్తో ఒకటి చేర్చగానే అవి మాయమవుతాయి, కాబట్టి అవి కూడా కావాలంటే ముందే రాసిపెట్టుకుని మళ్లీ చేర్చండి.

ఉబుంటు లినక్స్‌లో రిసాల్వ్.కాన్ఫ్ ఫైల్లో రాశాను. రీస్టార్ట్ చేస్తే పోయింది.

ఆ ఫైలు మీది కాదు. సిస్టమ్ తనకు కావలసినట్టు తిరగరాసుకుంటుంది. నెట్‌వర్క్ మేనేజర్ ఉంటే ‘ఎన్ఎంసీఎల్ఐ’ కమాండ్‌తో మీ కనెక్షన్‌లో ‘ఐపీవీ4.డీఎన్ఎస్-సెర్చ్’ అనే విలువకు డొమైన్ ఇచ్చి, కనెక్షన్‌ను ఒకసారి ఆపి మళ్లీ ఎక్కించండి. నెట్‌ప్లాన్ వాడే సర్వరైతే దాని ఫైల్లో ‘నేమ్‌సర్వర్స్’ కింద ‘సెర్చ్’ అని వరుస ఉంటుంది. ‘రిసాల్వ్‌సీటీఎల్ స్టేటస్’ కొడితే ఏ నెట్‌వర్క్ కార్డుకు ఏ డొమైన్ పట్టిందో చెబుతుంది.

ముప్పై కంప్యూటర్లున్నాయి. ఒక్కోదాని దగ్గరకీ వెళ్లి పెట్టాలా?

అస్సలు వద్దు. ఒక్కచోట పెట్టండి. కంప్యూటర్‌కు ఐపీ నంబరు ఇచ్చే డీహెచ్‌సీపీ సర్వరే సెర్చ్ డొమైన్ కూడా ఇవ్వగలదు. చిన్న ఆఫీసుల్లో ఆ సర్వర్ రౌటర్‌లోనే ఉంటుంది. డీహెచ్‌సీపీ పేజీలో ‘డొమైన్ నేమ్’ అనో ‘డిఫాల్ట్ డొమైన్’ అనో ఉన్న గడిలో రాసి సేవ్ చేస్తే చాలు. మర్నాడు వచ్చిన కొత్త కంప్యూటర్‌కూ అదే వెళ్తుంది.

లెక్క ప్రకారం ఇందులో రెండు రకాలున్నాయి. ఆప్షన్ 15 ఒక్క డొమైనే ఇస్తుంది. 2002లో వచ్చిన ఆప్షన్ 119 పెద్ద జాబితా ఇవ్వగలదు. పాత విండోస్‌లు 119ను పట్టించుకోవు. విండోస్ 7 మెషీన్లు మన మిల్లుల్లో ఇంకా తిరుగుతూనే ఉన్నాయి, కాబట్టి ముఖ్యమైన డొమైన్‌ను 15లో తప్పకుండా పెట్టండి. ఇంటర్నెట్ కనెక్షన్‌తో పాటు ఇచ్చే ఫైబర్ డబ్బాల్లో చాలావాటికి ఈ గడే ఉండదు. అప్పుడు వెనకాల ఒక చిన్న మంచి రౌటర్ పెట్టుకోవడం మేలు. విండోస్ సర్వర్‌తో డొమైన్ నడుపుతుంటే గ్రూప్ పాలసీలో ‘డీఎన్ఎస్ సఫిక్స్ సెర్చ్ లిస్ట్’ ఉంది, అదొక్కటి చాలు.

ఫోన్లలో?

ఐఫోన్‌లో వైఫై పేరు పక్కనున్న ఐ గుర్తు నొక్కి, కాన్ఫిగర్ డీఎన్ఎస్‌లో మాన్యువల్ పెడితే సెర్చ్ డొమైన్ చేర్చుకోవచ్చు. ఆండ్రాయిడ్‌లో చేత్తో రాసే గడి లేదు. పూర్తి పేరు కొట్టి బుక్‌మార్క్ చేసుకోండి. అందులో ‘ప్రైవేట్ డీఎన్ఎస్’కు బయటి సర్వర్ పేరు ఏదైనా ఇచ్చి ఉంటే మాత్రం పూర్తి పేరు కొట్టినా దొరకదు.

ఒక్కోసారి పనిచేస్తుంది, ఒక్కోసారి చెయ్యదు. ముఖ్యంగా కరెంటు పోయి వచ్చాక. దెయ్యమా ఏంది?

దెయ్యం కాదు, రెండో డీఎన్ఎస్. మీ కంప్యూటర్లో మొదటి సర్వర్‌గా ఆఫీసు సర్వర్, రెండోదిగా 8.8.8.8 ఉండి ఉంటుంది. ‘ఒకటి పనిచేయకపోతే ఇంకోటి’ అని మంచి మనసుతోనే పెట్టుంటారు.

కరెంటు రాగానే కంప్యూటర్లు ఒక నిమిషంలో లేస్తాయి. పాత సర్వర్ నాలుగైదు నిమిషాలు మూలుగుతుంది. ఈలోగా కంప్యూటర్ మొదటివాడిని అడుగుతుంది, జవాబుండదు, రెండోవాడి దగ్గరకు పోతుంది. గూగుల్ సర్వర్‌కు మీ మిల్లు సంగతి ఏం తెలుసు? ‘ఆ పేరుతో ఎవరూ లేరు’ అని ఖచ్చితంగా చెప్పేస్తుంది. లేదు అనేది కూడా జవాబే, కాబట్టి కంప్యూటర్ అక్కడితో ఆగిపోతుంది, తిరిగొచ్చి మొదటివాడిని అడగదు. పైగా ఆ ‘లేదు’ను కాసేపు గుర్తుపెట్టుకుంటుంది. అందుకే సర్వర్ లేచాక కూడా కాసేపు ట్యాలీ తెరుచుకోదు. మీరు నాకు ఫోన్ చేస్తారు, నేను బైక్ తీసేలోపు అదే బాగవుతుంది.

లోపలి పేర్లు తెలిసిన సర్వర్ల నంబర్లు మాత్రమే కంప్యూటర్లకివ్వండి. బయటి పేర్ల కోసం 8.8.8.8ను అడిగే పని ఆ లోపలి సర్వర్‌కు అప్పజెప్పండి. దానికి ‘ఫార్వర్డర్’ అని గడి ఉంటుంది. రెండో డీఎన్ఎస్ కావాలనుకుంటే అది కూడా లోపలి పేర్లు తెలిసినదే అయ్యుండాలి. ఆ సర్వర్‌కు ఒక యూపీఎస్ కొనండి.

ఎన్ఎస్‌లుకప్‌లో గూగుల్.కామ్ కొడితే ‘గూగుల్.కామ్.మిల్లు.ఇంటర్నల్’ అని ఏదో వచ్చింది. వైరస్సా?

టెన్షన్ పడకండి. విండోస్‌లో డీఎన్ఎస్‌ను నేరుగా అడిగి చూసే ఎన్ఎస్‌లుకప్ కమాండ్‌కు చుక్కలున్న పేరిచ్చినా ముందు సఫిక్స్ తగిలించి చూస్తుంది. బ్రౌజర్, పింగ్ అలా చేయవు. పేరు చివర ఇంకో చుక్క పెట్టి ‘గూగుల్.కామ్.’ అని కొట్టండి. ఆ చుక్కకు అర్థం ‘పేరు ఇక్కడితో అయిపోయింది, ఏమీ తగిలించొద్దు’ అని. నేను ఏ సమస్య వెతుకుతున్నా మొదట చేసే పని ఆ చుక్క పెట్టి ఒకసారి, పెట్టకుండా ఒకసారి అడగడం.

మా కంపెనీ వెబ్‌సైట్ డొమైన్‌నే సెర్చ్ డొమైన్‌గా పెట్టుకోవచ్చా?

పెట్టుకోవచ్చు, కానీ నాకు జరిగింది విని పెట్టుకోండి. చీమకుర్తి దగ్గర ఒక గ్రానైట్ ఆఫీసులో ‘ఒకటే పేరైతే అందరికీ గుర్తుంటుంది’ అని వాళ్ల వెబ్‌సైట్ పేరే సఫిక్స్‌గా ఇచ్చాను. మూడో రోజు అకౌంటెంట్ ఫోన్ చేశాడు. ‘సార్, ప్రింటర్ పింగ్ అవుతోంది, కాగితం మాత్రం రావట్లేదు.’ వెళ్లి కేబుల్ మార్చాను, డ్రైవర్ మార్చాను. ఇన్‌వాయిస్ తీసుకోవాల్సిన లారీ డ్రైవర్ గుమ్మంలో నిలబడి నా వంకే చూస్తున్నాడు. రెండు గంటల తర్వాత గానీ పింగ్ జవాబును సరిగ్గా చదవలేదు. గోడవతల ఉన్న ప్రింటర్ ఒక మిల్లీసెకను లోపే పలకాలి. ఇక్కడ నలభై చూపిస్తోంది. ఐపీ నంబరు కూడా 192.168తో మొదలవలేదు. అది ప్రింటరే కాదు, వాళ్ల వెబ్‌సైట్ పెట్టిన సర్వర్!

తప్పు నాదే. లోపలి డీఎన్ఎస్‌లో ప్రింటర్ స్పెల్లింగ్ ఒక అక్షరం తప్పు కొట్టాను. లోపల ఆ పేరు దొరక్క ప్రశ్న బయటికి పోయింది. బయట వాళ్ల డొమైన్‌కు ‘స్టార్’ రికార్డు ఉంది, అంటే ముందు ఏ పేరు తగిలించి అడిగినా ‘నేనే’ అని పలికే రికార్డు. అది లేకపోతే ‘పేరు దొరకలేదు’ అనే తప్పు వెంటనే కనపడేది.

అందుకని వెబ్‌సైట్ పేరు నేరుగా కాకుండా, దాని ముందు ‘ఆఫీస్’ అనో ఏదో చేర్చి ఉపడొమైన్ చేసుకోండి. దాని ప్రశ్నలు బయటికి పంపొద్దని లోపలి డీఎన్ఎస్‌కు గట్టిగా చెప్పండి. చిన్న నెట్‌వర్కుల్లో వాడే డీఎన్ఎస్‌మాస్క్ అనే డీఎన్ఎస్ సాఫ్ట్‌వేర్‌లో అయితే ‘లోకల్’ అనే వరుస ఇందుకే ఉంది. స్టార్ రికార్డు ఉపడొమైన్ల దాకా కూడా పాకుతుంది కాబట్టి ఈ రెండో పని మానొద్దు.

సొంత డొమైన్ లేదు. ‘.లోకల్’ అని పెట్టుకుందామా? అందరూ అదే పెడుతున్నారు.

పెడుతున్నారు, తర్వాత ఏడుస్తున్నారు. 2013 నుంచి ‘.లోకల్’ను మల్టీకాస్ట్ డీఎన్ఎస్ అనే పద్ధతికి కేటాయించారు. మ్యాక్‌లు, ప్రింటర్లు, చాలా లినక్స్‌లు ఆ పేరు చూడగానే డీఎన్ఎస్ సర్వర్‌ను అడగకుండా చుట్టుపక్కల అరుస్తాయి. ‘.ఇంటర్నల్’ వాడండి. ప్రైవేటు నెట్‌వర్కుల కోసమే 2024లో ఇంటర్నెట్ పేర్ల వ్యవహారం చూసే ఐకాన్ సంస్థ ఆ పేరును పక్కన పెట్టింది, బయట ఎవరికీ అమ్మరు.

ఎన్ని డొమైన్లు పెట్టొచ్చు?

ఒకటి. తప్పదనుకుంటే రెండు. లినక్స్‌లో ఒకప్పుడు ఆరుకు మించి తీసుకునేది కాదు, 2017లో ఆ హద్దు తీసేశారు. తీసేశారు కదా అని నింపొద్దు. నాలుగు సఫిక్స్‌లుంటే ఒక తప్పు పేరుకు ఐపీవీ4 అనే పాత రకం నంబరు కోసం నాలుగు, ఐపీవీ6 అనే కొత్త రకం కోసం నాలుగు, మొత్తం ఎనిమిది ప్రశ్నలు పోతాయి. ‘నెట్ స్లో’ అని మీకనిపించేది ఒక్కోసారి ఇదే. వరుస కూడా ముఖ్యమే. రెండు చోట్లా ‘ప్రింటర్’ ఉంటే జాబితాలో పైనున్న ఊరి ప్రింటర్‌లోనే కాగితం వస్తుంది.

ల్యాప్‌టాప్ బయటికి తీసుకెళితే ఏమైనా ప్రమాదమా?

రౌటర్ ఇచ్చిన సఫిక్స్ అయితే మీరు గేటు దాటగానే పోతుంది. చేత్తో రాసింది మీతోనే వస్తుంది. తిరుపతిలో లాడ్జి వైఫై ఎక్కినా మీ ల్యాప్‌టాప్ ‘ట్యాలీ.మిల్లు.ఇంటర్నల్ యాడుంది?’ అని ఆ లాడ్జి సర్వర్‌ను అడుగుతూనే ఉంటుంది. అక్కడెవరైనా గిట్టనివాడు ‘నేనే ట్యాలీ’ అంటే నమ్ముతుంది.

ఇది ఊహ కాదు. 1993లోనే ఇలాంటి గొడవ జరిగింది. అప్పట్లో సాఫ్ట్‌వేర్ సఫిక్స్‌ను తనంతట తానే కుదించుకుంటూ పోయి, చివరికి ‘.కామ్’ ఒక్కటే తగిలించి కూడా అడిగేది. యూనివర్సిటీల పేర్లు ‘.ఈడీయూ’తో ముగుస్తాయి. ఎవరో ‘ఈడీయూ.కామ్’ అనే పేరు రిజిస్టర్ చేయడంతో, యూనివర్సిటీల కోసం అడిగిన ప్రశ్నలు అటు మళ్లే పరిస్థితి వచ్చింది. ఈమధ్య సంగతైతే ‘కార్ప్.కామ్’. చాలా కంపెనీలు లోపలి నెట్‌వర్క్‌కు ‘కార్ప్’ అని పేరు పెట్టుకోవడంతో, బయటికొచ్చిన వాళ్ల ల్యాప్‌టాప్‌లు ఆ వెబ్‌సైట్‌ను అడగడం మొదలుపెట్టాయి. అది చెడ్డవాళ్ల చేతిలో పడకుండా 2020లో మైక్రోసాఫ్టే కొనేసింది.

క్రోమ్‌లో ‘ట్యాలీ’ కొడితే గూగుల్ వెతుకులాట వస్తోంది.

చివర ఒక స్లాష్ పెట్టండి. ‘ట్యాలీ/’ అంటే అది మెషీన్ పేరని దానికి అర్థమవుతుంది. హెచ్‌టీటీపీఎస్ పేజీ అయితే పొట్టి పేరుకు సర్టిఫికెట్ వార్నింగ్ వస్తుంది, ఎందుకంటే సర్టిఫికెట్ పూర్తి పేరు మీద ఉంటుంది. పొట్టి పేర్లకు బయటి సంస్థలు సర్టిఫికెట్లివ్వడం 2015లోనే మానేశాయి.

తెలుగులో డొమైన్ పెట్టుకోవచ్చా?

‘.భారత్’ అని తెలుగు అక్షరాల్లో నిజంగానే ఉంది. కానీ డీఎన్ఎస్ లోపల అది ‘ఎక్స్ఎన్’తో మొదలయ్యే ఇంగ్లిష్ అక్షరాల గుంపుగా మారిపోతుంది. సెర్చ్ డొమైన్ గడిలో ఆ గుంపునే కొట్టాలి. వెబ్‌సైట్‌కు ముచ్చటగా ఉంటుంది. ఆఫీసు లోపలి నెట్‌వర్క్‌కు వద్దనే అంటాను.

మెషీన్లకు ఏ పేర్లు పెట్టమంటారు?

ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, మధ్యలో హైఫన్. అండర్‌స్కోర్ వద్దు, ఖాళీ వద్దు. పదిహేను అక్షరాలు దాటొద్దు, ఎందుకంటే విండోస్ నెట్‌బయోస్ పేరును అక్కడ కత్తిరిస్తుంది.

నెల్లూరు దగ్గర వెంకటేశ్వరస్వామి పేరుతో మొదలయ్యే ఒక మిల్లులో సర్వర్‌కు మిల్లు పేరంతా కలిపి పెట్టేశారు. నెట్‌బయోస్ ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లో సరిగ్గా పదిహేనో అక్షరం దగ్గర కోసింది. ‘రైస్‌మిల్’ పోయి ‘శ్రీవెంకటేశ్వర’ మిగిలింది. ఆఫీసులో అందరూ ఆ పొట్టి పేరే కొట్టేవాళ్లు, తెరుచుకునేది. గోడౌన్ నుంచి వీపీఎన్ మీద అదే కొడితే మాత్రం ‘లేదు’ అనేది, ఎందుకంటే డీఎన్ఎస్‌లో ఉన్నది పూర్తి పొడుగు పేరు. పేరు మారుస్తానంటే ఓనరుగారు ఒప్పుకోలేదు. ‘స్వామి పేరు తీసెయ్యబాకయ్యా’ అన్నారు. సర్వర్ పేరు ముట్టుకోకుండా, డీఎన్ఎస్‌లో ఆ పదిహేను అక్షరాల పేరుతో ఇంకో రికార్డు రాసి వచ్చేశాను.